ఫోన్ రాలేదంటే

మా సువర్ణను మెచ్చుకోవడానికి వచ్చేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మంట. మొన్న ఒక పేపరాయన వచ్చి, "వెబ్‌సైట్ కోడ్ మొత్తం ఉచితంగా ఇచ్చేశారట కదా మేడం" అంటూ ఆమెను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, నవ్వమని ఫోటో తీసుకున్నాడు. ఆమె నవ్వడం మానేసి రెండేళ్లయిందని ఆయనకేం తెలుసు? నేను పక్కన జిరాక్స్ తీస్తూ పళ్లు నూరుకున్నాను.

భద్రాచలం బస్టాండ్ దగ్గర మేమిద్దరం కలిసి ఆన్‌లైన్ సెంటర్ నడుపుతాం. నా పేరు రాజ్యశ్రీ, మాది తల్లాడ, నోరు కొంచెం పెద్దది. సువర్ణది అడవి అంచున బిచ్యా తండా. ఖమ్మంలో కంప్యూటర్ డిగ్రీ చదివింది. రోడ్డుకూ వాళ్ల తండాకూ మధ్య ఒక వాగు, దాని మీద ఒక చప్టా. వానాకాలంలో చప్టా మీద నీళ్లెక్కితే ఇటువాళ్లు ఇటే, అటువాళ్లు అటే.

నొప్పులు పడుతున్న ఆడవాళ్లను వాగు ఒడ్డుదాకా మోసుకొచ్చి వెనక్కి తీసుకుపోవడం చిన్నప్పటి నుంచీ చూసిన పిల్ల కాబట్టి, చుట్టుపక్కల వాగులన్నిటికీ కలిపి ఒక వెబ్‌సైట్ తయారు చేసింది. వాగు పేరు నొక్కితే ఒక్క మాట కనిపిస్తుంది. దాటొచ్చు, లేదా దాటొద్దు. నీళ్లెక్కగానే ఒడ్డునున్న ఊరివాళ్లు మాకు ఫోన్ చేస్తారు. ఫోన్ వస్తే దాటొద్దు. రాకపోతే దాటొచ్చు.

అందులో తప్పేముందో నాకూ తట్టలేదు. ఈ వైపు అందరం అంతే. వాగు మామూలుగా ఉందని చెప్పడానికి ఎవరు ఫోన్ చేస్తారు? "ఫోన్ రాలేదంటే బాగున్నట్టే" అని సువర్ణ వాళ్లమ్మ హేమ్లి ఎప్పుడూ అనేది. కూతురు ఆ మాటనే కంప్యూటర్ భాషలో రాసిపెట్టింది.

సువర్ణ తమ్ముడు బలరాం పాల్వంచలో సెల్‌ఫోన్లు రిపేర్ చేసేవాడు. వారం వారం బండి మీద ఇంటికి వెళ్లేవాడు. రెండేళ్ల కిందట, జులైలో, ముసురు పట్టిన ఒక సాయంత్రం మా సెంటర్‌కు ఫోన్ చేశాడు. స్పీకర్‌లో నేనూ విన్నాను.

"అక్కా, నీ సైటు దాటొచ్చు అంటుంది. పోతున్న మరి. మునిగితే నీదే జిమ్మేదారి!"

ముగ్గురం నవ్వుకున్నాం.

ఆ మధ్యాహ్నమే తండా వైపు కరెంటు పోయి సెల్ టవర్ ఆగిపోయిందని మాకు తెలియదు. వాగు వచ్చింది. ఒక్క ఫోనూ రాలేదు. సైటు దాటొచ్చు అనే చూపిస్తూ కూర్చుంది. మర్నాడు బలరాం బండి చప్టా కింద రాళ్లలో దొరికింది. బలరాం ఇంకా కిందికి, వెదురు పొదల దగ్గర దొరికాడు.

కర్మకాండలయ్యాక సువర్ణ తిరిగొచ్చి ఒక్క మాట మార్చింది. ఇప్పుడు ఫోన్ రాకపోతే సైట్లో 'తెలియదు' అని వస్తుంది. వాగు తక్కువగా ఉందని ఎవరైనా ఫోన్ చేసి చెబితేనే దాటొచ్చు. తెలియదని చెప్పడానికి సైటెందుకని కొందరు వెటకారం చేశారు. వాళ్లకు నేనే గడ్డి పెట్టేదాన్ని. బలరాం చివరి ఫోన్ సంగతి మాత్రం ఇద్దరం ఎవరికీ చెప్పలేదు. హేమ్లికి అసలే చెప్పలేదు.

ఈ వేసవిలో ఆదిలాబాద్ వైపు అడవి ఊళ్లలో పనిచేసే కుర్రాళ్లు కోడ్ ఓపెన్ చెయ్యమని అడిగారు. అంటే సైటును నడిపే రాతంతా అందరికీ కనపడేలా పెట్టడం. ఎవరైనా తీసుకోవచ్చు, తమ వాగులకు తగ్గట్టు మార్చుకోవచ్చు. దాంతోపాటు ఏ రోజు ఏ మాట తీసి ఏ మాట పెట్టారో, ఆ పాత రాతలు కూడా కనపడతాయి. బలరాం పోయిన కొద్ది రోజులకే ఏం మారిందో చూసినవాళ్లకు ఎందుకు మారిందో అర్థం కావడం ఎంతసేపు?

"పాతవి తీసేసి ఇప్పటిది ఒక్కటే పెట్టు. నిన్నెవరు అడగొచ్చారు?" అన్నాను.

"గట్ల పెడితే 'తెలియదు' ఎందుకున్నదో వాళ్లకెట్ల తెలుస్తది అక్కా? పనికిరాని మాటని ఎవరో ఒకరు తీసేస్తరు. మళ్ల దాటొచ్చు అనే పెడ్తరు."

"అయితే అసలు ఇవ్వకు."

"వాళ్లకు గూడ వానలు మొదలైతయి గదా."

నాకు కోపం ముంచుకొచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం. "మరి మీ అమ్మకేం చెప్తావ్?" అని అడిగేశాను. సువర్ణ మౌస్ వదిలేసి రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది. ఆమెకున్న భయమంతా అదొక్కటే. కొడుకును పోగొట్టుకున్న తల్లి ఇక నీ మొహం చూపించకు అంటే ఏం చెయ్యాలి?

ఆ ఆదివారం ఇద్దరం తండాకు వెళ్లాం. వాగులో పాదాలు తడిసేటన్ని నీళ్లు కూడా లేవు. హేమ్లి ముంగిట్లో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. సువర్ణ ఆమె ఎదురుగా కూర్చుని వాళ్ల లంబాడీ మాటల్లోనే చెప్పింది. నాకు అర్థమైంది తక్కువే గాని, మధ్య మధ్య 'దాటొచ్చు' అన్న మాట చెవిన పడుతూనే ఉంది.

హేమ్లి చేతులు ఆగలేదు. ఏమీ అనలేదు. గిన్నె నిండాక లేచి లోపలికి వెళ్లిపోయింది. ఎంతకీ బయటకు రాలేదు.

"పోదాం పద. ఏమీ అనలేదంటే ఒప్పుకున్నట్టే కదా," అన్నాను.

సువర్ణ నా వైపు చూసింది. "కాదక్కా. ఏం అనలేదంటే తెలియదని," అంది. అక్కడే కూర్చుంది. నేనూ మళ్లీ కూర్చున్నాను.

ఎండ వాలాక హేమ్లి వచ్చి గడపలో కూర్చుంది. నేనూ వినాలనేమో, తెలుగులోనే మాట్లాడింది.

"వాగొచ్చుడు నేను చూసిన బిడ్డా. కండ్లార చూసిన. మా టవరు పోతే గుట్టెక్కాలె, ఆడ అవతలి టవరు దొరుకుతదని ఎరుకే. ఎక్కలే. వస్తున్ననని వాడు ఫోన్ చెయ్యలే గదా, రాడులే అనుకున్న. అన్నం తిని పండుకున్న."

ఆమె ఎడమచేత్తో గడపను రుద్దుతూనే ఉంది. ఇన్నాళ్లూ తల్లి ఇక్కడ, కూతురు అక్కడ ఒకే తప్పును దాచుకుని బతికారు. ఆ సంగతి నాకు అప్పుడు తెలిసింది.

"పెట్టు," అంది హేమ్లి. "ఉన్నదంత పెట్టు. ఏదీ తీసెయ్యకు."

"యాడీ, నన్ను..." అని సువర్ణ ఏదో అడగబోయింది. యాడి అంటే వాళ్లలో అమ్మ. హేమ్లి చెయ్యెత్తి ఆపింది.

"గది ఇప్పుడు అడగకు."

కోడ్ ఓపెన్ అయింది. 'తెలియదు' అన్న చోట పక్కనే సువర్ణ ఇలా రాసింది. "ఫోన్ రాలేదంటే బాగున్నట్టు కాదు. ఈ మాట తీసెయ్యకండి. బలరాం కోసం."

అప్పటి నుంచి హేమ్లి రోజూ సాయంత్రం ఫోన్ చేస్తుంది. "వాగు తక్కువనే ఉంది" అని చెప్పి పెట్టేస్తుంది. తిన్నావా అని కూతుర్ని అడగదు. ఆ రోజు ఆపేసిన మాటను సువర్ణ కూడా మళ్లీ ఎత్తలేదు.

నిన్న సాయంత్రం ఫోన్ రాలేదు. సైట్లో ఆ వాగు పక్కన 'తెలియదు' అని ఉంది. షట్టర్ దించమని నాతో చెప్పి సువర్ణ దొరికిన బస్సెక్కి పోయింది. వెళ్లేసరికి చప్టా కనపడటం లేదట. అవతల గుట్ట మీద హేమ్లి వానలో తడుస్తూ, సిగ్నల్ కోసం ఫోన్ పైకెత్తి నిలబడి ఉందట. ఇవతల ఒడ్డున కూతుర్ని చూడగానే ఫోన్ పారేసి, రెండు చేతులూ ఊపుతూ గుట్ట దిగి పరుగెత్తుకొచ్చిందట. రావద్దు, రావద్దు అని. నీళ్ల హోరులో మాట వినపడలేదట గాని, సువర్ణ రోడ్డు మీదికి తిరిగి నడిచేదాకా ఆ చేతులు ఊపుతూనే ఉన్నాయట.

ఇది చెబుతూ సువర్ణ ఏడ్చింది. బలరాం పోయాక ఆమె ఏడవగా చూడటం నాకు ఇదే మొదలు.