గడియారం సిస్టర్

బుధవారం మధ్యాహ్నం రెండుంబావుకి, ముసలివాళ్ళ వార్డులో ఖాళీ మంచం మీద నడుం వాల్చిన పెద్ద సర్జన్‌గారి ముక్కు మీదికి ఎవరిదో కళ్ళజోడు వచ్చి కూర్చుంది. కిటికీ తెర సర్రున తొలగింది.

“లేవండి తాతగారూ. ఇవాళ బుధవారం, టైము రెండుంబావు. ఇది ఆస్పత్రి. మీకు తుంటి ఆపరేషన్ అయింది.”

“అయింది నాక్కాదమ్మా, చేసింది నేను.”

“అయితే మరీ మంచిది, లేచి నాలుగడుగులు వెయ్యండి,” అంది గడియారం సిస్టర్, కళ్ళజోడు వెనక్కి తీసుకుంటూ.

ఆవిడకున్న జబ్బు అదొక్కటే. పగలు ఎవరి రెప్ప వాలినా ఓర్చుకోలేదు, రాత్రి ఎవరి చెప్పు చప్పుడైనా ఓర్చుకోలేదు. మందుల బండి చక్రాలు కీచుమంటాయని తన తలనూనె తెచ్చి పోసేది. రాత్రి డ్యూటీ డాక్టర్ల చేత గుమ్మం దగ్గరే బూట్లు విప్పించేది.

ఈ వ్యవహారం ఏడో మంచం తాతగారి కూతురికి బొత్తిగా మింగుడుపడలేదు. ఆయన రిటైరైన స్టేషన్ మాస్టారు. తుంటి ఆపరేషనైన రాత్రి నుంచీ ఆయనకి వార్డంతా ప్లాట్‌ఫారమే. రైలొస్తోందని మంచం దిగబోయేవారు, సెలైన్ గొట్టం పీకబోయేవారు. అన్నిటికన్నా ఘోరం, కన్నకూతుర్ని నిలబెట్టి టికెట్ చూపించమనేవారు. నాన్న ఇక తనని గుర్తుపట్టరేమోనన్న బెంగతో, మూడు రాత్రులుగా ఆవిడ కునుకన్నది లేకుండా ఆయన చెయ్యి పట్టుకునే కూర్చుంది.

“ఒక్క నిద్రమాత్ర ఇస్తే ఏం పోయింది సిస్టర్? లేదా చేతులైనా కట్టెయ్యండి.”

“మత్తులో దిగితే రెండో తుంటి విరుగుతుంది. కట్టేస్తే ఇంకా పెనుగులాడతారు. నొప్పి, జ్వరం డాక్టరుగారు చూశారు. పగలు మెలకువగా ఉంచితే రాత్రి నిద్ర దానంతటదే పడుతుంది, మతీ కుదుటపడుతుంది. అది సరే, ఈయన కళ్ళజోడేదీ?”

“పోతుందని నా బ్యాగులో దాచానండీ.”

“చెవి మిషను?”

“అదీ... ఖరీదైంది కదా.”

“పళ్ళసెట్టు?”

కూతురు బ్యాగు జిప్పు తీసింది.

“బాగుందమ్మా. మీ నాన్నగార్ని ముప్పాతిక వంతు బ్యాగులో పెట్టుకుని, మిగిలిన పావుకి మతి లేదంటారేం?”

అన్నీ ఎక్కడివక్కడ అమర్చి, సిస్టర్ ఆయన్ని కిటికీ పక్కన కుర్చీలో కూర్చోబెట్టింది. పగలంతా గంటగంటకీ వచ్చి వారం, టైము చెప్పేది. రెండో రోజుకి ఆయనే గోడ గడియారం చూసి, “మీరు నాలుగు నిమిషాలు లేటు,” అని మందలించారు. టికెట్ అడగడం మాత్రం మానలేదు.

మూడో రోజు మధ్యాహ్నం, కూతురు కుర్చీలోనే నోరు తెరుచుకుని నిద్రపోయింది. సిస్టర్ అటే వస్తోంది. వార్డంతా ఊపిరి బిగబట్టింది.

సిస్టర్ కిటికీ తెర లాగింది. లాగి మూసింది. కూతురి తల కింద దిండు దూర్చి, తన చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది.

మాస్టారు కళ్ళజోడు సవరించుకున్నారు. “ఏమండీ సిస్టర్, నన్ను రెప్ప వాల్చనివ్వరు గానీ, పట్టపగలు మూడున్నరకి మా అమ్మాయి గురక పెడుతుంటే దిండు తెచ్చి మరీ జోకొడతారా? ఇదేం న్యాయం?”

“మెల్లగా మాస్టారూ, ఆ కుర్చీలో ఇప్పుడు అర్ధరాత్రి.”