హ్రస్వానికి రెండు హల్లులు

కరోనా కాస్త తగ్గిన ఏడాది, దుబాయ్ ఇంటర్నేషనల్ సిటీలో మా పై అంతస్తులో వరంగల్ వాళ్ళు ఉండేవారు. ఆయన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. స్వీడన్‌లో ఉద్యోగం ఖాయమైంది. అక్కడి బళ్ళో చేరేలోపు తొమ్మిదేళ్ళ కూతురికి ఆ భాష కొంచెం నేర్పమని ఆయన భార్య నన్ను అడిగింది. పెళ్ళయిన కొత్తలో నేను స్వీడన్‌లో చిన్నపిల్లల బడిలో పనిచేశాను.

నేను అక్షరాలతో మొదలుపెట్టను. ముందు చెవి. స్వీడిష్‌లో అచ్చును సాగదీసి పలికితే దాని తర్వాత హల్లు ఒక్కటే రాస్తారు. పొట్టిగా పలికితే రెండు. 'హాత్' అంటే ద్వేషం, చివర ఒక్క హల్లు. 'హత్' అంటే టోపీ, చివర రెండు. కలానికీ కాలానికీ తేడా తెలిసిన తెలుగు పిల్లకు ఇదేం కష్టం కాదు. దీర్ఘానికి చేతులు చాపి చూపించాను. హ్రస్వానికి బల్ల మీద అరచేత్తో ఒక్కటి వేశాను.

ఆ చప్పుడుకి పిల్ల రెండు చేతులతో తల కప్పుకుంది. మోచేతి పైన కమిలిన మచ్చలు అప్పుడు కనబడ్డాయి.

వాళ్ళమ్మను అడిగితే, "ఆయనకు జర కోపమెక్కువ అక్కా," అంది, గొంతు తగ్గించి. ఆ రోజు నుంచి బల్ల కొట్టడం మానేసి చిటిక వేసేదాన్ని. పిల్ల చక్కగా వినేది, రాసేది.

ఒక శుక్రవారం వాళ్ళింట్లోనే పాఠం చెబుతున్నాను. ఆయన వచ్చి వెనక నిలబడ్డాడు. దాంతో పిల్లకు చెవులు మూసుకుపోయినట్టయింది. టోపీకి 'హత్' అని చెబితే ఒకే హల్లు రాసింది. ఇంకో హల్లు రావాలన్నాను.

"ఇన్ని దినాల సంది గిదేనా నేర్చుకున్నది? దిమాక్ లేదా?" అంటూ చెవి మీద చాచి కొట్టాడు. పిల్ల కుర్చీతో సహా పక్కకు పడింది. మళ్ళీ కాలెత్తాడు. నేను అడ్డం వెళ్ళాను. నా జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టాడు. నుదురు చిట్లింది. వంటింట్లోంచి భార్య పరుగున వచ్చి అప్పడాల కర్రతో అతని మోచేతి మీద బలంకొద్దీ కొట్టింది. "ఖలాస్! ఇగ చాలు!" అని అరిచింది. అతను ఆమె గొంతు పట్టుకున్నాడు. నేను తలుపు తీసి కేకలు పెడితే వాచ్‌మన్, ఎదురింటి వాళ్ళు వచ్చి అతన్ని నేలకు అదిమి పట్టారు.

పిల్ల చెవిలోంచి నెత్తురు మెడ మీదికి కారుతోంది.

ఆసుపత్రిలో డాక్టరు, కర్ణభేరి చిరిగిందని చెప్పి, ఎలా జరిగిందని అడిగాడు. తల్లి అలవాటుగా, "మెట్ల మీద పడ్డది," అంది.

"పడలే," అంది పిల్ల. "డాడీ కొట్టిండు."

తల్లి మెడ మీది చున్నీ తీసి, వేళ్ళ గుర్తులు డాక్టరుకు చూపించింది. పోలీసులు వచ్చారు. అతన్ని తీసుకెళ్ళారు. స్వీడన్ ఉద్యోగం పోయింది. తల్లీ కూతుళ్ళు హైదరాబాద్ వెళ్ళిపోయారు.

కొన్నాళ్ళకు ఆమె ఫోన్ చేసింది. చెవి మానిందట.

"ఇప్పుడు బాగ లొల్లి చేస్తది అక్కా. కోపమొస్తే నా మీదికి ఒర్రుతది. ఒర్రనీ అని ఊకుంటున్న."