దక్షిణం హద్దు: రంగమ్మ సందు

ఇరవై ఒక్క ఏళ్ళుగా ఒక అక్షరాన్ని మోస్తున్నాను. అక్షరానికి బరువేముంటుంది అని మీరు అనుకోవచ్చు. మొదటి రెండేళ్ళూ నేనూ అలాగే అనుకున్నాను. నా చేత్తో ఒక పేరు మార్చాను. దానివల్ల ఒక ముసలావిడ తన జ్ఞాపకమే తప్పనుకుని పోయింది. పొరపాటున చేసిన పని కాదు, తెలిసి చేశాను. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఇకమీద చెప్పేదంతా నన్ను నేను వెనకేసుకొచ్చినట్టు వినపడుతుందేమోనని నా భయం.

నాకు డెబ్బై తొమ్మిది. తెనాలిలో పుట్టాను, తెనాలిలోనే లెక్కల టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. పెళ్ళి చేసుకోలేదు. నాన్నగారి ఇంట్లోనే ఒక వాటాలో నేను, ఇంకో వాటాలో మా తమ్ముడు. ఏది ఏ రోజు జరిగిందో రాసిపెట్టుకోవడం నాకు అలవాటు. ఉద్యోగంలో ఉండగానే ఊళ్ళో వీధుల పాత పేర్లు ఒక నోటుపుస్తకంలో ఎక్కించడం మొదలుపెట్టాను. పెద్దవాళ్ళని అడిగేదాన్ని. అంతకన్నా ఎక్కువగా పాత దస్తావేజులు చదివేదాన్ని. ఇంటి కాగితాల్లో నాలుగు దిక్కులా హద్దులు రాస్తారు కదా, తూర్పున ఫలానా వీధి, పడమర ఫలానావారి గోడ అని. ఊరు మరిచిపోయిన పేర్లు ఆ హద్దుల్లో ఉండిపోతాయి. పద్నాలుగేళ్ళలో నూట అరవై రెండు పేర్లు పోగయ్యాయి. తాతల ఇల్లు ఎక్కడో తెలియడం లేదని ఎవరైనా వస్తే పుస్తకం చూసి చెప్పేదాన్ని. టీచరమ్మ పుస్తకంలో ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు అని పేరు పడింది. ఆ పేరంటే నాకు ఇష్టం. చాలా ఇష్టం.

మా ఇంటి పంపకాల దస్తావేజులో ఒక వాక్యం ఉంది. దక్షిణం హద్దు: రంగమ్మ సందు.

ఎవరీ రంగమ్మ అని మా పెద్ద మేనత్తని అడిగాను. ఆవిడ బియ్యం ఏరుతూ తలెత్తకుండా చెప్పింది. రంగమ్మ మా తాతగారు ఉంచుకున్న మనిషి. ఆ సందులో రెండు గదుల ఇల్లు కట్టించి ఇచ్చారట. ఒక ఆడపిల్ల పుట్టింది. తాతగారు పోయాక పన్నెండో రోజు దాటగానే మా నాయనమ్మ అన్నదమ్ములు ఆ తల్లినీ ఆరేళ్ళ పిల్లనీ రేపల్లె రైలెక్కించారు. రెండు గదులూ పడగొట్టి స్థలం మా పెరట్లో కలిపారు. సందుకి పేరు మాత్రం మిగిలింది. "గోడ మీంచి ఆ పిల్లకి జామకాయలు అందించేదాన్ని. ఇక ఈ ఊసు ఎత్తకు," అంది మేనత్త. నేను ఎత్తలేదు. పుస్తకంలో మాత్రం రంగమ్మ సందు అనే రాశాను. నూట పద్నాలుగో పేరు. అప్పటికి ఇంకా నేను సరిగ్గానే ఉన్నాను.

రిటైరైన ఏడాది జూన్ నెలలో, మూడో గురువారం, పదకొండుంపావుకి ఒకావిడ వచ్చింది. యాభై దాటి ఉంటాయి. నేత చీర, చేతిలో గొడుగు. రేపల్లెలో బడిలో పనిచేస్తానని చెప్పింది.

"మీ పుస్తకం గురించి విని వచ్చానండి, వదినగారూ," అంది.

మా వైపు ఆడవాళ్ళు కొత్తవాళ్ళని అక్కయ్యగారూ అంటారు, పిన్నిగారూ అంటారు, వదినగారూ అంటారు. నోటికి ఏది వస్తే అది. ఆమె మర్యాదకి అన్నది.

"మా అమ్మకి డెబ్బై ఏడండి. మంచం దిగడం లేదు. ఆరేళ్ళప్పుడు తెనాలి నుంచి వచ్చేసిందట. వాళ్ళమ్మ పేరు మీదే ఇక్కడ సందు ఉండేదంటుంది, రంగమ్మ సందని. నీకు సందొక్కటేనా, కోట లేదా అమ్మా అని నవ్వేవాళ్ళమండి. ఇప్పుడు నవ్వడం మానేశాం. పోయేలోగా ఒక్కసారి ఆ చోటు చూపించమంటోంది."

నాకు అర్థమైంది. ఆమె తల్లి మా నాన్నగారికి చెల్లెలు. మేనత్త కూతురు నన్ను వదినా అనే పిలవాలి. నిజమైన వరస నోటికి వచ్చిందని ఆమెకి తెలియదు. నాకు తెలుసు.

"కూర్చుని మజ్జిగ తాగండి, చూసి చెబుతా," అన్నాను.

లోపలికి వెళ్ళి పుస్తకం తీశాను. బల్ల మీద పెన్సిళ్ళు చెక్కే సగం బ్లేడు ఉంది. నా చేతిరాతలో మకారానికీ యకారానికీ తేడా తక్కువ, మొదటి వంపు కాస్త సాగదీస్తే సరిపోయింది. కిందనున్న మ వత్తుని బ్లేడుతో గీకాను. కాగితం చిరగకుండా, నెమ్మదిగా. దాని మీద య వత్తు గీశాను. సిరా ఆరేదాకా ఊదాను. ఆరు నిమిషాలు పట్టింది. ఆవేశంలో చేశాననడానికి వీల్లేదు. ఆవేశంలో ఉన్నవాళ్ళు సిరా ఆరబెట్టరు.

పుస్తకం తెచ్చి ఆమె ముందు పెట్టాను.

"రంగయ్య సందండి. అమ్మ కాదు, అయ్య. ఎవరో కిరాణా కొట్టాయన పేరట."

ఆమె వేలు పెట్టి చదువుకుంది. "రంగమ్మ అని ఇంకెక్కడా లేదాండి?"

"తెనాలిలో లేదు. బాపట్లలో చూడండి."

"బాపట్ల మాట అమ్మ ఎప్పుడూ అనలేదండి."

"ఆరేళ్ళ పిల్లకి ఏ ఊరైతే ఏం తెలుస్తుంది?"

"అదీ నిజమేలెండి. మీరు రాశారంటే రాసినట్టే కదా," అని గ్లాసు కింద పెట్టింది. "మజ్జిగలో అల్లం వేశారా? బావుంది వదినగారూ." గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది. ఆమె కూర్చున్న అరుగుకీ ఆ రెండు గదులు ఉన్న చోటుకీ మధ్య ఇరవై అడుగులు. వెళ్ళాక కొలిచాను.

ఎందుకు చేశాను? పరువు కోసం అని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. ఎవరి పరువు? తాతగారు లేరు, నాయనమ్మ లేదు, మేనత్త కూడా అప్పటికే పోయింది. స్థలం అడుగుతుందని భయపడ్డానా? ఆమె చూసి పోవడానికి వచ్చింది, ఏమీ అడగలేదు. మరెందుకు? పిల్లల తప్పులు దిద్దుతూ ముప్పై నాలుగేళ్ళు గడిపినదాన్ని, నా ఇంట్లో ఉన్న తప్పుని ఎదటివాళ్ళు చదవడం నాకు ఇష్టం లేకపోయింది. ఇంతకన్నా మంచి కారణం వెతికాను. దొరకలేదు.

నాలుగు నెలలకి ఉత్తరం వచ్చింది. తొమ్మిది ఆదివారాలు బాపట్ల వెళ్ళిందట. ముసలివాళ్ళని అడిగిందట, పాత కాగితాలు తీయించి చూసిందట. "దొరకలేదండి. మీ పుస్తకంలో అయ్య అని ఉందని అమ్మకి చెప్పాను. చాలాసేపు ఆలోచించి, నేనే తప్పుగా అనుకుని ఉంటాలే అంది. మా అమ్మ పేరు రంగమ్మేనా అని నన్నే అడిగింది. క్రితం నెల పోయింది. మీకు శ్రమ ఇచ్చాను, నమస్కారాలు."

రేపల్లె నుంచి బాపట్లకి రైల్లో పోవాలంటే తెనాలిలో బండి మారాలి. తొమ్మిది ఆదివారాలంటే రానూ పోనూ పద్దెనిమిదిసార్లు ఆమె మా స్టేషన్లో దిగి ఇంకో బండి ఎక్కింది. స్టేషన్ నుంచి ఆ సందుకి పదిహేను నిమిషాల నడక. ఈ లెక్క ఎన్నిసార్లు వేసుకున్నానో రాసిపెట్టుకోలేదు.

జవాబు ఇవ్వలేదు. తరవాత వార్డులో పేర్ల బోర్డులు పెట్టేటప్పుడు నా పుస్తకమే అడిగి తీసుకెళ్ళారు. నీలం రేకు మీద తెల్లటి అక్షరాలతో రంగయ్య సందు వెలిసింది. అప్పుడైనా నోరు విప్పవచ్చు. విప్పలేదు.

ఈ వేసవిలో పక్కింటి కోడలు కూర తెచ్చి ఇస్తూ, "ఈ రంగయ్యగారు పెద్ద దాతంట కదా పిన్నిగారూ, దారినపోయేవాళ్ళకి భోజనాలు పెట్టేవాడంట," అంది. రంగమ్మని చెరిపేస్తే ఆ చోట ఊరు ఒక పుణ్యాత్ముణ్ణి కూర్చోబెట్టింది.

"అలాంటాయన లేడమ్మా. నేనే పుట్టించాను," అన్నాను.

ఆ అమ్మాయి నవ్వబోయి, నా ముఖం చూసి ఆగిపోయింది. అదే మొదటిసారి ఒకరితో చెప్పడం.

ఒకసారి బయటికి వచ్చాక ఇక ఆగలేదు. ఆ సాయంత్రమే తమ్ముడితో చెప్పాను. "ఇప్పుడెందుకక్కయ్యా? ఒక్క వత్తు కోసం తాతయ్యని బజారుకీడుస్తావా? నీకు పొద్దుపోకపోతే టీవీ చూడు," అన్నాడు. తాతయ్యని ఈడ్చడం లేదు, నన్ను నేను ఈడ్చుకుంటున్నాను అన్నాను. అప్పటినుంచి వాడు నాతో ముక్తసరిగా మాట్లాడుతున్నాడు. సరే.

మర్నాడు ఉత్తరం మీద అడ్రసు పట్టుకుని రేపల్లె రైలెక్కాను. అక్కడా ఆ వీధికి పేరు మారింది. పాత పేరు చెబితే పదకొండుమందికి తెలియలేదు. పన్నెండో మనిషి, మిషను కుట్టే ముసలాయన, "ఆ టీచరుగారా? నగరంలో కూతురు దగ్గర ఉంటున్నారండి," అని కొత్త అడ్రసు ఇచ్చాడు. నగరం అంటే పట్నం కాదు, ఆ పేరుగల ఊరు, అక్కడికి దగ్గరే. ఆటోస్టాండు దాకా నడిచి, ఆగాను. గుమ్మంలో నన్ను చూస్తే ఆమె మర్యాదకైనా కూర్చోమంటుంది. మజ్జిగ ఇస్తుంది. ఆ మర్యాద నేను పుచ్చుకోకూడదు. లోపలికి రమ్మనాలో వద్దో ఆమె ముందు తెలుసుకుని తేల్చుకోవాలి. తిరిగి వచ్చేశాను. అది పిరికితనమా? కొంత ఉండవచ్చు. కాదని గట్టిగా అనలేను.

మూడు పేజీల ఉత్తరం రాశాను. బ్లేడు సంగతి, ఆరు నిమిషాల సంగతి, బాపట్ల నోటికొచ్చి చెప్పిన సంగతి. మీ అమ్మగారికి అంతా సరిగ్గానే గుర్తుండేది, తప్పంతా నాది అని రాశాను. దస్తావేజు నకలు, ఆ రెండు గదుల కొలతలు జతచేశాను. బోర్డు మార్చమని అర్జీ కూడా పెట్టాను, కారణం దాచకుండా. క్షమించమని మాత్రం ఉత్తరంలో అడగలేదు. అడిగితే జవాబు ఇవ్వాల్సిన పని ఆమెకి పెట్టినట్టవుతుంది.

రిజిస్టరు పోస్టులో పంపాను. అందినట్టు కార్డు తిరిగి వచ్చింది, ఆమె సంతకంతో. నలభై ఆరు రోజులైంది. మరో మాట రాలేదు. రాకపోవచ్చు. చదివిందో చించేసిందో తెలియదు. తెలుసుకునే హక్కూ నాకు లేదు. మీతో ఎందుకు చెబుతున్నానంటే, మీరు నన్ను ఎరగరు, నా మీద జాలిపడాల్సిన అవసరం మీకు లేదు. చేసింది నేను. దాన్ని ఇప్పుడు పూర్తి వాక్యంలో అనగలుగుతున్నాను.