లేబుళ్ళు ఊడిన ఆరు సీసాలు

మా మావయ్యకి మురికంటే పడదు. మంచి గుణమే కదా అనేవాళ్ళు ఆయనతో ఒక్క వారం కాపురం చేసి చూడాలి. మా అత్తయ్య ముప్ఫై ఏళ్ళుగా చేస్తోంది. ఇంట్లో కుర్చీలని రంగు పోయేదాకా కడిగాడు. గోడ గడియారాన్ని అంకెలు చెరిగిపోయేదాకా తుడిచాడు. ఇప్పుడు టైమెంతైందో తెలియాలంటే అత్తయ్య పక్కింటికి వెళ్ళి అడిగి వస్తుంది.

పంతొమ్మిదేళ్ళుగా ఆయన హోటల్లో గ్లాసులు కడుగుతున్నాడు. అదే హోటల్లో నేను రిసెప్షన్లో కూర్చుంటాను. వంటగది వెనక పొడుగాటి గది, రెండు తొట్లు, వేడినీళ్ళ కుళాయి, పైన ఒక బల్బు. అది ఆయన సామ్రాజ్యం. కడిగిన ప్రతి గ్లాసునీ బల్బుకి ఎదురుగా పట్టుకుని, ఒక కన్ను మూసి చూస్తాడు. ఎక్కడైనా మచ్చ కనిపిస్తే "ఎక్కడికి పోతావురా" అని దానితో మాట్లాడి మరీ తుడుస్తాడు.

పోయిన నెల కొంప మునిగినంత పనైంది. వంటమాస్టరు దగ్గర ఒక ఇనప పెనం ఉంది. పదకొండేళ్ళు నూనె పట్టించి, కాల్చి, నల్లగా నిగనిగలాడేలా చేసుకున్నాడు. మావయ్య పాపం దాన్ని చూసి జాలిపడి, మధ్యాహ్నమంతా కూర్చుని తోమి, తెల్లగా మెరిపించి ఇచ్చాడు. వంటమాస్టరు నిజంగానే ఏడ్చాడు. మేనేజరు మావయ్యని పిలిచి, "ఇంకొక్క వస్తువు ఇలా కడిగావంటే ఇంటికి పంపించేస్తాను" అన్నాడు.

ఈ మాట తెలియగానే అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది.

"ఆయన్ని మాత్రం ఇంటికి పంపించకుండా చూడవే తల్లీ. ఇక్కడ కడగడానికి ఇంకేం మిగల్లేదు."

అందరం నవ్వాం. మావయ్య నవ్వలేదు, ఆ పూట సరిగ్గా తినలేదు కూడా. యాభై ఆరేళ్ళ మనిషి. ఆ పని తప్ప ఇంకోటి రాదు, నేర్చుకోవాలని కూడా లేదు. ఆ గది పోతే ఈయన ఏమైపోతాడో అని నాకు నిజంగా భయం వేసింది.

ఇంతలో మేనేజరుకి నీళ్ళ పిచ్చి పట్టింది. నీటి రుచుల సంఘమని ఒకటుందట, వాళ్ళు ఎనిమిది మంది మా హోటల్లో విందు చేస్తారట. ఆరు రకాల సహజమైన నీళ్ళు, ఒక్కో నీటికి తగ్గ వంటకం ఒక్కోటి. కొండ ఊట నీళ్ళు, అగ్నిపర్వతం రాళ్ళలోంచి వచ్చినవి, మంచు కరిగినవి, అడవిలో పట్టిన వాన నీళ్ళు, ఇలా. "నీటికి రుచి ఉంటుంది, బరువు ఉంటుంది, నడక ఉంటుంది" అని మాకు గంటసేపు క్లాసు పీకాడు. ఆ రోజు ఎవరూ సెంటు పూసుకోకూడదు, తలకి నూనె కూడా రాసుకోకూడదు, వాసనకి నీళ్ళ రుచి చెడిపోతుందన్నాడు. మేనేజరు వస్తున్నాడని ఆయన సెంటు రెండు నిమిషాల ముందే చెబుతుంది. ఆ సంగతి ఆయనకి చెప్పే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది.

విందు రోజు మధ్యాహ్నం పెట్టె వచ్చింది. ఆరు పెద్ద నీలం సీసాలు. అన్నిటికీ ఒకటే ఆకారం, ఒకటే మూత. తేడా అంతా లేబుల్లోనే. ఎక్కడెక్కడ తిరిగి వచ్చాయో, దుమ్ము కొట్టుకుపోయి ఉన్నాయి. నేను మావయ్య దగ్గరికి తీసుకెళ్ళి, నా నోటితో నేనే, "వీటిని కాస్త శుభ్రం చేసి పెట్టు మావయ్యా" అన్నాను.

పుట్టినప్పట్నుంచీ చూస్తున్న మనిషికి ఆ మాట చెప్పానంటే తప్పు నాదే.

నాలుగున్నరకి వెళ్తే ఆరు సీసాలూ బల్లమీద తళతళలాడుతున్నాయి. ఒక్కదానికీ లేబుల్ లేదు. వేడినీళ్ళలో నానబెట్టి ఒలిచేశాడు. పైగా ఒలిచిన లేబుళ్ళని గోడ పలకల మీద వరసగా ఆరబెట్టాడు.

"ఒక్కటీ చిరగలేదు చూడు" అన్నాడు.

"మావయ్యా, ఇందులో ఏది ఏ నీళ్ళో ఇప్పుడెలా తెలుస్తుంది?"

ఆయన సీసాల వంక చూశాడు, లేబుళ్ళ వంక చూశాడు. అప్పటికి తెలిసింది ఆయనకి. మొహం పాలిపోయింది. ఉద్యోగానికి నీళ్ళొదులుకున్నట్టే అనుకున్నాను.

ఆయన ఒక వెడల్పాటి గాజు పళ్ళెం తెచ్చి, మూతలు తీసి, ఒక్కో సీసాలోంచి ఒక్కో చుక్క వరసగా వేశాడు. వంటలు చల్లారకుండా పైనుంచి వేలాడదీసే దీపం కింద పెట్టాడు. చుక్కలు ఆరిపోయాక పళ్ళేన్ని ఎత్తి, ఒక కన్ను మూశాడు.

"నీళ్ళలో లవణాలెంత ఉంటే మచ్చ అంత ముదురుగా పడుతుంది. పంతొమ్మిదేళ్ళుగా వీటితోనేగా నా గొడవ. ఆ లేబుళ్ళ మీద లవణాల అంకెలు చదువు."

చదివాను. సున్నం పూసినట్టున్న మచ్చ అగ్నిపర్వతానిది. తెల్లటి ఉంగరంలా ఉన్నది కొండ ఊట. అలా నాలుగు తేలిపోయాయి. నాలుగింటికీ జిగురు రాసి లేబుళ్ళు అంటించాం. చివరి రెండు చుక్కలూ మాత్రం మచ్చే పెట్టలేదు. ఒకటి మంచు నీళ్ళు, ఒకటి వాన నీళ్ళు. లేబుళ్ళ మీద అంకెలు కూడా దగ్గర దగ్గరే.

"ఏదో ఒకటి అంటించెయ్ మావయ్యా. తాగేవాళ్ళకి ఏం తెలుస్తుంది?"

"నాకు తెలియదని నాకు తెలుసుగా" అన్నాడు. ఎంత బతిమాలినా వినలేదు. మొండితనం మా అమ్మ వైపు వాళ్ళందరికీ ఉంది, నాకు కూడా వచ్చిందంటారు.

ఏడింటికి విందు మొదలైంది. మేనేజరు చేతిలో కార్డు పట్టుకుని, కాల్చిన మాంసంతో అగ్నిపర్వతం నీళ్ళు ఎందుకు కుదురుతాయో, వేయించిన చేపకి కొండ ఊట ఎందుకో వర్ణిస్తున్నాడు. ఎనిమిది మందీ ఒక్కో గుక్క నోట్లో తిప్పి, కళ్ళు మూసుకుని తలలూపుతున్నారు. ఒకాయన "చివర్లో రాయి తగులుతోంది" అన్నాడు. ఇంకొకాయన తనకి రెండు రాళ్ళు తగిలాయన్నాడు.

నాలుగూ అయ్యాయి. ఐదోసారి మావయ్యే తలుపు తోసుకుని వచ్చాడు, తడి ఏప్రన్‌తో, రెండు చేతుల్లో లేబుళ్ళు లేని రెండు సీసాలతో.

"లేబుళ్ళేవయ్యా?" అన్నాడు మేనేజరు పళ్ళు బిగించి.

"కడిగేశాను సార్. నాలుగు కనిపెట్టాను. ఈ రెండిట్లో మంచుదేదో వానదేదో తెలియలేదు. తెలియకుండా అంటిస్తే అబద్ధం అవుతుందని ఇలాగే తెచ్చాను."

మేనేజరు నీళ్ళు నమిలాడు. ఆ బల్ల చుట్టూ ఆ సాయంత్రం అందరూ చేస్తున్నది అదే కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. సంఘం అధ్యక్షురాలు, రిటైరైన హెడ్మిస్ట్రెస్ ఆవిడ, కళ్ళజోడు సవరించుకుని, మిగతా నాలుగూ ఎలా కనిపెట్టావని అడిగింది. మావయ్య గాజు పళ్ళెం తెప్పించి దీపానికి ఎదురుగా పట్టి చూపించాడు. ఎనిమిది మందీ ఒక్కో కన్ను మూసి చూశారు. తర్వాత ఆవిడ ఆ రెండు సీసాల్లోంచీ ఒక్కో గుక్కా తాగి, గ్లాసు కింద పెట్టింది.

"నాకూ తెలియడం లేదు" అంది. "నిజం చెప్పాలంటే మూడేళ్ళుగా ఏదీ తెలియడం లేదు. అధ్యక్షురాలిని కదా అని బయటపడలేదు."

"నాకు రాయేమీ తగల్లేదండీ" అన్నాడు మొదటాయన. రెండు రాళ్ళాయన నేలచూపులు చూశాడు. ఆ తర్వాత ఒకరి తర్వాత ఒకరు ఒప్పేసుకుని, కడుపు పట్టుకుని నవ్వారు.

"మళ్ళీ నెల విందుకి ఈయన ఉంటేనే వస్తాం" అంది ఆవిడ.

"అయ్యో, ఎక్కడికి పోతారండీ, మా హోటల్‌కి ఆణిముత్యం" అన్నాడు మేనేజరు. ఆ గొంతులో అంత తేనె నేనెప్పుడూ వినలేదు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

ఆవిడ తన పక్క కుర్చీ చూపించింది. పంతొమ్మిదేళ్ళలో మావయ్య ఆ హాల్లో కూర్చోవడం అదే మొదటిసారి. ఏప్రన్ కిందికి లాక్కుని, అంచు మీద కూర్చున్నాడు. మేనేజరు స్వయంగా వచ్చి, వంగి, గ్లాసులో నీళ్ళు పోశాడు. ఎనిమిది మందీ ఆయన ఏమంటాడో అని ముందుకి వంగారు. మావయ్య గటగటా తాగేసి, మూతి తుడుచుకుని, మర్యాదగా అడిగాడు.

"ఈ నీళ్ళలోకి తినడానికేముందండీ?"