పులికాట్ ఒడ్డున లుంగీ గుడ్డ డేరా

ఆ రోజుల్లో మా నగరిలో ఎవరైనా ఇంటికి తాళం వేసి ఊరు దాటుతున్నారంటే దానికొక గట్టి కారణం ఉండేది. పెళ్ళో, చావో, కొండకు మొక్కో, మద్రాసులో కంటి ఆపరేషనో. (బోర్డుల మీద చెన్నై అని రాసి ఎన్నేళ్ళయినా మా ఇంట్లో అది మద్రాసే.) ఏ పనీ లేకుండా పిల్లల్ని వెంటేసుకుని పోయి, ఎక్కడో నీళ్ళ ఒడ్డున వండుకుని తిని, అక్కడే పడుకుని రావడమనేది మా వీధిలో ఎవరూ ఎరగని విద్య. ఆ విద్యను వీధికి పరిచయం చేసిన ఘనత నాదే. ఆ రోజులంటే మరీ పాతకాలమేం కాదు, ఫోన్లో వీడియోలు చూడటం మాకు అప్పుడప్పుడే అలవాటవుతున్న కాలం. నాకింకా ముప్పై నిండలేదు. మధ్యాహ్నం మగ్గాల మోత కాస్త ఆగినప్పుడు, అంట్లు తోమే పని వాయిదా వేసి, ఎక్కడెక్కడి దేశాల వాళ్ళో వ్యాన్లలో తిరిగే వీడియోలు చూసేదాన్ని. ఆ వ్యాన్లలో ఒకామె ఎప్పుడూ కప్పు పట్టుకుని కొండల వంక చూస్తూ ఉంటుంది. పిల్లలు బుద్ధిగా బొమ్మలు వేసుకుంటూ ఉంటారు. ఎవరూ ఎవరినీ గిల్లరు. ఎవరికీ దారిలో ఒంటికి రాదు. అది చూసి నేను నమ్మేశాను.

మాకూ ఒక వ్యాను ఉండేది. మా పవర్‌లూమ్ మగ్గాల మీద నేసిన లుంగీల మూటలు పుత్తూరుకు, తిరుపతికి చేరవేసే పాత వ్యాను. వెనక సీట్లు ఎప్పుడో పీకేశారు, లోపలంతా గంజి వాసన. దాన్ని నడిపేది నేనే. మా ఆయనకు స్టీరింగు పట్టుకుంటే చాలు నిద్ర ముంచుకొస్తుంది, అందుకని పెళ్ళయిన కొత్తలోనే నాకు డ్రైవింగు నేర్పించారు. ఆయన నాకు మేనత్త కొడుకు, బావా అనే పిలుస్తాను. మనిషి మంచివాడు, మాట పొదుపు. ఒకరోజు అన్నం పెడుతూ, "బావా, పిల్లల్నెత్తుకుని మనం వ్యానులో యాడికన్నా పోయి రెండు దినాలు ఉండొద్దామా?" అన్నాను. ఆయన పప్పు కలుపుకుంటూ చాలాసేపు ఆలోచించి "సరేలే" అన్నారు. ఆయన దగ్గర నుంచి అంతకన్నా పెద్ద ఉపన్యాసం రాదు.

చిక్కంతా మా అత్తతో. అత్తగారూ ఆవిడే, మేనత్తా ఆవిడే కాబట్టి నన్ను తిట్టడానికి ఆవిడకు రెండు హక్కులు. "దేనికి మే పోయేది?" అంది. ఊరికే అని చెప్తే ఆ ప్రయాణం అక్కడితో ఆగిపోతుందని తెలిసి, అప్పటికప్పుడు ఒక కారణం వెతికాను. ఆ వారమే శ్రీహరికోటలో రాకెట్టు వదులుతున్నారని టీవీలో చెప్పారు. "రాకెట్టు సూసేకి అత్తా. పిల్లోళ్ళకు చదువు గదా." ఆవిడ నన్ను అనుమానంగా చూసింది. "టీవీలో సూపిస్తారు గదే. ఈడ మంచం మీద కూసోని సూడొచ్చు" అంది. అయినా బయల్దేరే రోజు పొద్దున నేను వ్యాను తలుపు తీసేసరికి ముందు సీట్లో ఆవిడే కూర్చుని ఉంది. ఒళ్ళో కుక్కరు, కాళ్ళ దగ్గర మురుకుల డబ్బా, ఊరగాయ జాడీ. "మీ వంటలు తిని పిల్లోళ్ళకు కడుపునొప్పి వస్తే ఎవురు సూసేది?" అంది, నేనేమీ అడగకుండానే.

డేరా గురించి చెప్పాలి. వీడియోల్లో వాళ్ళకు రంగురంగుల డేరాలు ఉంటాయి, విసిరితే వాటంతటవే విచ్చుకుంటాయి. మా దగ్గర ఉన్నది లుంగీ గుడ్డ. మగ్గం మీద నుంచి నేరుగా దింపిన నీలం గళ్ళ గుడ్డను మా ఆయన వీధి చివరి టైలరు దగ్గర కుట్టించుకొచ్చారు. టైలరు తన జీవితంలో ఇంత పెద్ద లుంగీ ఎవరికోసమా అని ఆశ్చర్యపోయాడట.

పుత్తూరు, సత్యవేడు మీదుగా పోయాం. ఏడేళ్ళ మా పెద్దది కిటికీకి అతుక్కుని, కనబడిన ప్రతి పిట్ట పేరూ అడిగింది. (నాకు తెలిసినవి కాకి, కొంగ. అన్నిటికీ ఆ రెండింట్లో ఒకటి చెప్పాను.) నాలుగేళ్ళ చిట్టోడు రాకెట్టు ఎక్కుతామని నమ్మి, ఎక్కేముందు ఒంటికి పోసుకోవాలంటూ ప్రతి ఊరి దగ్గరా వ్యాను ఆపించాడు. మా ఆయన వెనక పరుపు మీద హాయిగా నిద్రపోయారు. మా అత్త మాత్రం దారి పొడుగునా నాకు కళ్ళు ఉన్న సంగతి మరిచిపోయి, "లారీ వస్తాండాది సూడు, ఎనుము అడ్డమొచ్చె సూడు" అంటూ వ్యానును తన నోటితో నడిపింది. సూళ్ళూరుపేట దాటి పులికాట్ ఒడ్డున ఒక జాలర్ల పల్లె పక్కన ఆగేసరికి ఎండ తగ్గింది. ఆవిడ దిగి, నీళ్ళ వంక, ఆకాశం వంక, చుట్టూ ఉన్న ఖాళీ వంక చూసి, "ఇంత చోటు ఊరికే పడేసినారే!" అంది. అది మెచ్చుకోలో ఫిర్యాదో నాకు ఈనాటికీ తెలియదు.

డేరా నిలబెట్టడం మొదలుపెట్టాం. పులికాట్ గాలికి లుంగీ గుడ్డంటే ఎంత ఇష్టమో అప్పుడే తెలిసింది. ఒక మూల కడితే మూడు మూలలు లేచాయి. మా ఆయన తాడు పట్టుకుని దాని వెంట పరుగెత్తుతుంటే, పిల్లలిద్దరూ చప్పట్లు కొడుతూ ఆయన వెంట పరుగెత్తారు. చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని పోతున్న ఒకామె ఆగి, బుట్ట దించి, నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది. "ఏమక్కా, సర్కసోళ్ళా? ఆట ఎప్పుడు?" అని అడిగింది నన్ను. పెద్దది ఆమెకు అక్కడికక్కడే బుట్టక్క అని పేరు పెట్టింది. చివరకు డేరాను మడిచి వ్యానులో పడేసి, మా అత్త కుక్కర్లో చేసిన పొంగలి తిని, ఐదుగురం లోపలే సర్దుకుని పడుకున్నాం. ఆ పూట మా మీద పడి దోమలు మాత్రం విందు చేసుకున్నాయి.

పొద్దున లేచి చూస్తే ఆ ఒడ్డు వేరే లోకంలా ఉంది. దూరంగా నీళ్ళలో, పొడుగు కాళ్ళ మీద నిలబడి, గులాబీ రంగు ఫ్లెమింగోలు బారులు బారులుగా మేస్తున్నాయి. నేను గ్లాసులో టీ పోసుకుని, వీడియోలో ఆమెలాగా వాటి వంక చూస్తూ నిలబడ్డాను. జీవితంలో నేను అనుకున్నది అనుకున్నట్టు జరిగిన క్షణమది. ఆ టీ పూర్తయ్యేదాకా కూడా నిలవలేదు. "అమ్మా, దగ్గరికి పోదాం" అని పెద్దది కొంగు లాగింది. నీళ్ళకూ మాకూ మధ్య నేలంతా ఎండి, పైన తెల్లగా ఉప్పు తేలి, సిమెంటు రోడ్డులా కనబడుతోంది. మా ఆయన చెప్పుతో నేలను తట్టి చూసి ఏదో అనబోయారు. ఈలోపల మా అత్త ముందు సీటెక్కి కూర్చుంది. "ఇంత దూరమొచ్చి దూరం నుంచి సూసేదేంది? పోనీ మే ముందుకి." జీవితంలో మొదటిసారి మేమిద్దరం ఒక మాట మీద ఉన్నాం. పోనిచ్చాను.

కొంత దూరం బాగానే పోయింది. తర్వాత వ్యాను నిట్టూర్చినట్టు ఒక శబ్దం చేసి ముందుకు వంగింది. నేను యాక్సిలేటరు తొక్కాను. వెనక చక్రాలు నల్లటి బురదను ఎగజిమ్మాయి, వ్యాను ఇంకాస్త కూర్చుంది. మళ్ళీ తొక్కాను. "తొక్కొద్దు మే, తొక్కేకొద్దీ దిగిపోతా ఉండాది" అన్నారు మా ఆయన. అంత పొడుగు మాట ఆయన నోట విని నాకు నిజంగా భయం వేసింది.

దూరం నుంచి చూస్తున్న బుట్టక్క చీర పైకి దోపుకుని బురదలో నడిచొచ్చింది. "పైన ఎండిందిగానీ కింద అంతా ఊబేనక్కా. గాలి ఇటు తిరిగిందంటే నీళ్ళు ఈడిదాకా ఎక్కుతాయి" అంది. మా ఆయన ముఖం చూశాను. ఆ వ్యాను లేకపోతే మా మగ్గాలు నేసిందంతా ఇంట్లోనే పేరుకుంటుంది. ఫోన్లో బొమ్మలు చూసి, ఇంటి బతుకు మోసే బండిని తెచ్చి నీళ్ళలో పెట్టానా అనిపించింది. ఆయన దిగి, ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, చేతులతో చక్రాల దగ్గర బురద తీయడం మొదలుపెట్టారు. తిట్టి ఉంటే కొంచెం తేలిగ్గా ఉండేది.

బుట్టక్క కేకకు పల్లెలో నుంచి పది పదిహేను మంది వచ్చారు. వచ్చినవాళ్ళు ముందు వాదించుకున్నారు. ముందుకు తోయాలని సగం మంది, వెనక్కి తోయాలని సగం మంది. మా అత్త మధ్యలో నిలబడి, "ముందుకి తోస్తే సముద్రంలోకి పోతాది గదప్పా, మా ఊరు యెనకాల ఉండాది!" అనేసరికి వాదం తేలిపోయింది. పిల్లలిద్దర్నీ గట్టి నేల మీద బోర్లించిన ఒక పడవ ఎక్కించి కదలొద్దన్నాం. చక్రాల కింద తాటాకులు వేశారు, అవి బురదలో కలిసిపోయాయి. అప్పుడు మా ఆయన లోపలి నుంచి డేరా తీసుకొచ్చి, మడతల మీద మడతలు వేసి చక్రాల కింద పరిచారు. ఆ గళ్ళ గుడ్డకు ఆ ఒడ్డు మీద చివరకు ఒక పని దొరికింది. ఈసారి స్టీరింగు దగ్గర ఆయనే కూర్చున్నారు. (నిద్రపోలేదు.) నేను అందరితో కలిసి బానెట్టు మీద చేతులు ఆనించాను. మా అత్త కూడా కొంగు బిగించి పక్కన నిలబడి, "గోవిందా!" అని అరిచింది. అందరూ తలలు వంచి "గోవింద!" అని తోశారు. కదల్లేదు. "గోవిందా!" కొంచెం కదిలింది. మూడోసారి "గోవిందా!" అనగానే భూమి అదిరినట్టు పెద్ద ఉరుము మొదలైంది. ఇంజను పేలిపోతోందనుకుని, పేలేలోపల బయటపడాలన్నట్టు ప్రాణాలు పెట్టి తోశాం. వ్యాను ఒక్క ఊపున వెనక్కి ఎగిరి గట్టి నేలెక్కింది. ఆనుకోవడానికి ఏమీ మిగలక నేను బురదలో కూలబడ్డాను. అయినా ఉరుము ఆగలేదు.

"అమ్మా, పోయింది! పోయింది!" అని పడవ మీద నుంచి చిట్టోడు గంతులేస్తున్నాడు.

"ఏం పోయిందిరా?" అన్నాను.

"రాకెట్టు!"

అందరం ఒక్కసారే తలలెత్తాం. ఆకాశంలో తెల్లటి పొగ గీత ఒకటి వంకర తిరిగి మిగిలి ఉంది. దాని కోసమే అంత దూరం వచ్చిన మేము, అది లేచే సమయానికి తలలు దించుకుని పాత వ్యానును తోస్తున్నాం. పెద్దది కూడా చూడలేదు. ఆ చప్పుడుకు ఫ్లెమింగోలన్నీ ఒకేసారి లేచి ఎగిరాయట, అది వాటినే చూస్తూ ఉండిపోయింది. రాకెట్టును కళ్ళారా చూసింది నాలుగేళ్ళవాడొక్కడే. "ఎట్లుండింది నాయనా?" అని అడిగింది మా అత్త. వాడు "అగ్గిపుల్ల మాదిరి ఉన్నింది అవ్వా" అన్నాడు. మా అత్త వాణ్ణి వదిలి, నడుందాకా బురదలో కూర్చున్న నా వంక తిరిగింది. "ఏమే, నవ్వుతాండావా, ఏడుస్తాండావా?" అంది. నాకే తెలియలేదు.

తర్వాత బుట్టక్క ఇంటి ముందు బిందెలకొద్దీ నీళ్ళు పోసుకుని మనుషులమయ్యాం. ఆమె రొయ్యల కూర వండింది. మా అత్త మురుకుల డబ్బా మొత్తం వాళ్ళ పిల్లలకు పంచేసింది. ఊరికొచ్చాక వారం రోజులపాటు మా అరుగు మీద రాకెట్టు కథ నడిచింది. నిప్పులు కక్కుతూ ఎట్లా లేచిందీ, మేఘాలను చీల్చుకుని ఎట్లా పోయిందీ మా అత్త చేతులు తిప్పి చెప్తుంటే, చూడని మేమంతా తలలూపాం. ఆ తర్వాత రెండు మూడు సార్లు తలకోనకూ, హార్స్‌లీ హిల్స్‌కూ అదే వ్యానులో పోయాం. ప్రతిసారీ బయల్దేరదామని అడిగింది ఆవిడే. పిల్లలు పెద్ద బడులకు మారాక ఆ తిరుగుళ్ళు వాటంతటవే తగ్గిపోయాయి. వ్యాను కూడా చేతులు మారింది.

మొన్నామధ్య టీవీలో మళ్ళీ రాకెట్టు వదలడం చూపిస్తుంటే, ఇప్పుడు నాకన్నా పొడుగైన చిట్టోణ్ణి పిలిచాను. "మా అందరిలో నిజం రాకెట్టు చూసింది నువ్వొక్కడివే కదరా. ఎట్లుండిందో మళ్ళీ చెప్పు" అన్నాను. వాడు తల గోక్కున్నాడు. "నేను సూసినానా? నాకేం గుర్తులేదే" అన్నాడు. ఉన్న ఒక్క సాక్షీ అట్లా చేతులెత్తేశాడు. మరి ఆ ప్రయాణంలో ఏమీ గుర్తులేదా అని అడిగితే, ఉంది అన్నాడు. "నువ్వు బురదలో కూసోని నవ్వినావు గదమ్మా. నోరంతా తెరిచి, యెనక్కి పడిపోయేట్టు. నువ్వు అట్ల నవ్వేది నేను మళ్ళ సూడలేదు."

ఆ రోజు తేల్చుకోలేకపోయినా, ఏడ్చాననే ఇన్నేళ్ళూ అనుకుంటూ వచ్చాను. కానీ ఆ సమయంలో మిగతా అందరూ ఆకాశం వంక చూస్తున్నారు, నా కళ్ళలో బురద నీళ్ళు. నా వంక తిరిగిన మా అత్తకే అది నవ్వో ఏడుపో తేలలేదు. తేల్చి చెప్పగలిగింది పడవ మీద వాడొక్కడే. కాబట్టి వాడు చెప్పినట్టే జరిగి ఉంటుందని ఒప్పేసుకున్నాను.