అమీర్‌పేటలో రైలు మారడం

అమీర్‌పేటను నేను మూడు రకాలుగా చూశాను. మా అబ్బాయి అక్కడ కంప్యూటరు కోర్సు చదివినప్పుడు అది బస్సులు ఆగే కూడలి. మేడల నిండా కోచింగు బోర్డులే, గోడ రంగేమిటో తెలిసేది కాదు. తర్వాత వెళ్ళేసరికి రోడ్డు మధ్య రేకులు పాతి గోతులు తవ్వుతున్నారు. ఎదురుగా కనబడే కొట్టుకి పోవాలన్నా ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని చుట్టూ తిరగాలి. ఇప్పుడు ఆ గోతుల్లోంచి లేచిన స్తంభాల మీద రెండు రైలు దారులున్నాయి, ఒకదాని నెత్తిన ఒకటి. ఒక దారిలో వచ్చినవాళ్ళు రెండో దారిలో పోవాలంటే అక్కడ దిగి, మెట్లెక్కి, ఇంకో రైలు పట్టుకోవాల్సిందే.

మొన్న వేసవిలో నేనూ, మా పెద్ద తోటికోడలూ మా మనవరాలి గదిలో కొన్నాళ్ళుండి అమలాపురం తిరుగు ప్రయాణమయ్యాం. సికింద్రాబాదులో రైలెక్కాలి, ఎక్కించడానికి మనవరాలూ వెంట వచ్చింది. ఆటోకి దండగ, మెట్రోలో పోదామన్నాను. తోటికోడల్ని నేను అక్కయ్యా అని పిలుస్తాను. ఆవిడకి చెవులు మందం. షుగరు మాత్ర వేసుకుని తిండి ఆలస్యం చేస్తే కళ్ళు తిరిగి పడిపోతుంది. ఆ పొద్దున్న హడావిడిలో ఒక్క ఇడ్లీ తిని లేచేసింది. ఇక సెల్‌ఫోనంటే ముట్టుకోదు.

అమీర్‌పేటలో పై ప్లాట్‌ఫారం మీదికి చేరేసరికి రైలొచ్చి ఆగింది. జనం ఒక్కసారిగా తోసుకొచ్చారు. ఆ తోపులాటలో అక్కయ్య లోపలికి వెళ్ళిపోయింది. నేను సంచీ అందుకునేలోపు తలుపులు మూసుకున్నాయి. అద్దం వెనక ఆవిడ నోరు కదిలింది, మాట వినబడలేదు. రైలు కదిలిపోయింది.

అక్కడున్న సెక్యూరిటీ ఆయన దగ్గరికొచ్చాడు. "పరేషాన్ కాకుండ్రి అమ్మా. ముందలి స్టేషన్ బేగంపేటకి చెప్తున్న. ఆమెని వాపస్ పంపిస్తరు. మీరు ఈడనే ఉండుండ్రి."

"అదే మామ్మా, ఇక్కడే ఉందాం," అంది మనవరాలు. "మనం అటెళ్ళేలోపు పెద్దమామ్మ ఇటొచ్చేస్తే?"

"రాదే. మెడబట్టి గెంటినా రాదు."

"నీకెలా తెలుసు?"

ఎలాగంటే, మేమిద్దరం రేవు దాటిన మనుషులం. కాకినాడ వెళ్ళాలంటే అమలాపురం నుంచి ముక్తేశ్వరం దాకా బస్సు, అక్కడ పంటెక్కి గోదారి దాటడం, కోటిపల్లి గట్టున మళ్ళీ బస్సు. పంటంటే మనుషుల్నీ బళ్ళనీ కలిపి దాటించే పడవ. తొక్కిడిలో ఒకరు ఎక్కేసి ఒకరు ఉండిపోవడం మామూలే. ఉండిపోయినవాళ్ళు బయల్దేరాక దాటినవాళ్ళు కూడా వెనక్కి బయల్దేరితే, నది మధ్యలో ఒక పంటు పక్కనుంచి ఇంకో పంటు పోతుంది. కేకలేసుకోవడమే మిగులుతుంది. అందుకని మా అత్తగారు కోడళ్ళిద్దరికీ ఒకటే నూరిపోశారు: దాటినవాళ్ళు గట్టునే ఉండాలి, ఉండిపోయినవాళ్ళే వెళ్ళాలి.

మనవరాలికి ఈ సంగతి చెప్పానే గాని నా గుండె నిలవలేదు. అసలు ఆ జనంలోంచి బేగంపేటలో దిగగలిగిందా? కూర్చున్నచోటే కళ్ళు తిరిగి వాలిపోతే, ముసలావిడ నిద్రపోతోందిలే అనుకుంటారు. లేపేవాళ్ళెవరు?

తర్వాతి రైలొచ్చింది. మనవరాలు నా చెయ్యి పట్టుకుని ఆపింది. "మామ్మా, నువ్వనుకున్నది తప్పయితే?"

"అప్పుడు తిడుదువు గాని. ముందు ఎక్కు."

బేగంపేటలో తలుపులు తెరుచుకున్నాయి. ఎదురుగా అక్కయ్య లేదు. మనవరాలు నా వైపు చూసింది. జనమంతా మెట్ల వైపు పోయాక ప్లాట్‌ఫారం చివర్నుంచి మాటలు వినబడ్డాయి. యూనిఫారంలో ఉన్న ఒకమ్మాయి బతిమాలుతోంది.

"అవ్వా, అవతలి ప్లాట్‌ఫారంకి పోదాం రా. మీవాళ్ళు అమీర్‌పేటల ఉన్నరంట."

"ఆయ్, అలాగేనండి. నేను మాత్రం కదలనండి. మావాళ్ళే వస్తారండి."

స్తంభానికి రెండు చేతులూ చుట్టేసి నిలబడి ఉంది మా అక్కయ్య. నన్ను చూడగానే గొంతు పెంచింది. "వచ్చేవా తల్లీ! ఆటో డబ్బులు మిగిలేయి గదా, కడుపు నిండిందా?"

ఆవిడ ముంజెయ్యి పట్టుకున్నాను. చల్లగా, చెమటతో జారుతోంది. మనవరాలు బిస్కెట్టు తీసి నోటికందించింది. అది తిని, కాస్త తేరుకున్నాక ముగ్గురం ఒక్కసారే రైలెక్కాం.

"వదలవే, గాజులు నొక్కుకుంటున్నాయి," అని దారి పొడుగునా గొణుగుతూనే ఉంది. సికింద్రాబాదు వచ్చేదాకా నేను వదల్లేదు.