సరుకు బండ్లు తోలిన మా చిన్నాయన

చిన్నాయన పోయాడని మా నాయన ఫోన్ చేసేటప్పటికి నేను నాగర్‌కర్నూలులో, బడిలో పిల్లలకు కంప్యూటర్ పాఠం చెబుతున్నాను. "బిడ్డా, చిన్నాయన ఇగ లేడు. పొద్దుగాల చాయ తాగి మల్ల పండుకున్నడు, లేవలే" అన్నాడు. అప్పుడు ఏడుపు రాలేదు. వనపర్తి బస్సెక్కి కూర్చున్నాక ఒళ్లంతా బరువెక్కింది. దినాలు చేసి తిరిగొచ్చాను గానీ ఆ అలసట ఇంకా పోలేదు. ఆయన గురించి నాలుగు మాటలు రాస్తే కొంత తేలికవుతుందేమో.

చిన్నాయన ఆత్మకూరు, వనపర్తి మధ్య బస్సు నడిపేవాడు. సీట్లో కూర్చునే ముందు మెడలోని తువ్వాలతో దాన్ని దులిపేవాడు. ఎవరైనా తొందరపెడితే "ఊరు యాడికి పోదు, మనమే పోవాలె" అనేవాడు. నేను ఇంటర్ చదువుతుండగా ఒక సాయంత్రం, కొత్తకోట దగ్గర, అడ్డమొచ్చిన ఎద్దును తప్పించబోయిన లారీ వచ్చి ఆయన బస్సును గుద్దింది. ఆయన వెనక సీట్లో కూర్చున్న రైతు ఒకాయన చనిపోయాడు. చిన్నాయన కాలు విరిగింది. ఆయన తప్పేమీ లేదని విచారణలో తేల్చారు. కాలు అతుక్కుంది గానీ ఆయన మళ్లీ స్టీరింగ్ పట్టలేదు. బస్సు కూడా ఎక్కలేదు. ఇంట్లో మాట్లాడటమూ తగ్గిపోయింది.

అందరం ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. నేను డిగ్రీలో చేరాక చదువుకోసమని నాయన కంప్యూటర్ కొన్నాడు. దాంట్లో నేను పాత రాజుల కాలం నాటి యుద్ధాల ఆట ఆడేదాన్ని. కొద్దిమంది మనుషులతో మొదలుపెట్టి, వాళ్లచేత కట్టెలు కొట్టించి, పొలం దున్నించి, ఊరు కట్టి, సైన్యం పెంచి పక్క రాజ్యం మీదికి పోవాలి. మనం ఆగినా అవతలివాడు ఆగడు.

ఒకరోజు చిన్నమ్మ నా దగ్గరికొచ్చింది. "మీ చిన్నాయన పొద్దంత గోడ దిక్కే చూస్తుండు. ఏం చేయాల్నో నాకు తెల్వదు. జర నీ దగ్గర కూసోబెట్టుకోవే" అంది. ఆమె గొంతు కూడా అరిగిపోయినట్టుంది.

ఆయన వచ్చాడు. కుర్చీని తువ్వాలతో దులిపి కూర్చున్నాడు. చాలాసేపు తెర వంక చూసి అడిగాడు.

"గా మనుషులు ఏం చేస్తుండ్రు?"

"కట్టెలు కొడ్తుండ్రు చిన్నాయనా."

"నేనొచ్చినప్పటి సంది కొడ్తనే ఉన్నరు. జర కూసోమను."

"ఈ ఆటల కూసునుడు ఉండదు."

"గదేం ఆట!" అన్నాడు.

అయినా మర్నాడు మళ్లీ వచ్చాడు. మౌసు పట్టడం నేర్చుకున్నాడు. ఆయన చేతిలో రాజ్యం ఎవరి మీదికీ పోయేది కాదు. పొలాలు వేసి, చుట్టూ గోడ కట్టుకునేవాడు. శత్రువు గోడ పగలగొడితే "ఇయ్యాల్టికి సాలు" అని లేచిపోయేవాడు.

నా డిగ్రీ చివరి ఏడాదిలో, హైదరాబాద్‌లో చదివే స్నేహితురాలు ఆ ఆటకు తర్వాత వచ్చిన ఎక్స్‌పాన్షన్ సీడీ తెచ్చిచ్చింది. అసలు ఆట మీదికి అది ఎక్కించగానే కొత్త రాజ్యాలు, కొత్త సైన్యాలు వచ్చాయి. నేను ఏనుగులను చూసి మురిసిపోతుంటే, చిన్నాయన చూపు మాత్రం రెండు ఊళ్ల అంగళ్ల మధ్య తిరిగే సరుకు బండ్ల మీద నిలిచింది.

"ఇవి నాకిడిసిపెట్టు. కొట్లాట నువ్వు సూసుకో" అన్నాడు.

అప్పటి నుంచి ఆ బండ్లు ఆయనవే. ఏ దారిన పోతే గుట్టలు తగలవో, ఎక్కడ వాగు దాటొచ్చో చూసి పంపేవాడు. ఒక్కో బండినీ అంగడి చేరేదాకా కళ్లతో సాగనంపేవాడు. అన్నం తినేటప్పుడు చిన్నమ్మకు ఆ దారుల ముచ్చట్లు చెప్పేవాడు. ఆమె ఏమీ అర్థం కాకపోయినా ఊ కొట్టేది.

ఒక మధ్యాహ్నం శత్రువుల గుర్రాలు దారి కాసి ఒక బండిని తగలబెట్టాయి. "ఏం కాదు చిన్నాయనా, ఇంకోటి చేద్దాం" అన్నాను.

ఆయన నా వంక తిరిగాడు. "బండి చేస్తవు బిడ్డా. అండ్ల ఉన్నోన్ని ఎట్ల చేస్తవు?"

లేచి వెళ్లిపోయాడు. చాలా రోజులు ఆ గదిలోకి రాలేదు. మళ్లీ గోడవైపు చూస్తూ కూర్చున్నాడు. ఇక అయిపోయిందనుకున్నాం. ఒక ఆదివారం ఉతికిన చొక్కా వేసుకొని వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"ఆత్మకూరు దిక్కు పోవాలె. నా బస్సుల పోయిన రైతు ఇంటికి. తోడు రా."

బస్సు ఫుట్‌బోర్డు దగ్గర ఆగిపోయాడు. వెనక ఎవరో "ఎక్కు పెద్దాయనా" అంటే కడ్డీ పట్టుకొని ఎక్కాడు. కొత్తకోట వచ్చినప్పుడు కళ్లు మూసుకొని నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు.

ఆ రైతు భార్య వాకిట్లో పల్లికాయ కొడుతోంది. "నేను గా బస్సు డ్రైవర్ని అమ్మా" అన్నాడు చిన్నాయన. ఆమె లేచి, మంచం వాల్చింది.

"ఇన్ని దినాలకు వచ్చినవా అన్నా? ఆఖరికి ఏం మాట్లాడిండో చెప్పేటోడే లేకపాయె."

"నవ్వుకుంట ఉండెనమ్మా. ఆ పొద్దు మీ ఆవు ఈనిందంట. పెయ్యదూడ పుట్టిందని దారి పొడుగునా గదే ముచ్చట."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు. తర్వాత కొట్టం వైపు చెయ్యి చూపింది. "గా పెయ్యే ఇది. మొన్ననే ఈనింది." దాని పాలతోనే చాయ పెట్టి ఇచ్చింది. చిన్నాయన గ్లాసు రెండు చేతులతో పట్టుకొని తాగాడు.

ఆ తర్వాత ఆయన మళ్లీ బస్సు నడిపాడని రాయగలిగితే బాగుండు. నడపలేదు. కాలు నొప్పి ఉండనే ఉంది, దిగులు కూడా కొంత ఉండిపోయింది. కానీ అందరితో మాట్లాడేవాడు, పిలిచినచోటికి పోయేవాడు. నా పెళ్లికి గద్వాల చీర తానే వెళ్లి తెచ్చాడు.

నాకు ఎక్కువగా గుర్తొచ్చేది మాత్రం ఆత్మకూరు నుంచి తిరిగొచ్చిన ఆ సాయంత్రమే. బస్సు కదలగానే ఆయన తల నా భుజం మీదికి ఒరిగింది. నోరు కొంచెం తెరుచుకొని గాఢంగా నిద్రపోయాడు. కండక్టరు ఒకప్పుడు ఆయనతో పనిచేసినవాడే. గుర్తుపట్టి "అన్నా" అనబోయి ఆగాడు. "పండుకోనియ్యి బిడ్డా" అని టికెట్లు నా చేతిలో పెట్టి, ముందుకు పోయి డ్రైవరుతో ఏదో చెప్పాడు. ఇక వనపర్తి దాకా ఆ బస్సు హారన్ మోగలేదు.